విడని ఇటుక

ఇటుకను కొనేముందు వేలి కణుపుతో కొట్టి వింటాను. మంచి ఇటుక ఖంగుమంటుంది. అయితే ఖంగుమన్నవన్నీ కొనదగ్గవి కావు. దాన్ని దేనితో కట్టారో కూడా చూడాలి. సున్నంతో కట్టిన గోడలో ఇటుక ఉలి తగలగానే విడిపోతుంది. కాల్చిన నాటి ఒంటితోనే చేతికొచ్చి, ఇంకో ఇంటికి వెళ్ళి ఇంకో గోడవుతుంది. సిమెంటుతో కట్టినది విడదు, విరుగుతుంది. ఎంత మంచి ఇటుకైనా దాని బతుకు ఆ ఒక్క గోడతో సరి. అలాంటి ఇల్లు బేరానికొస్తే తలుపులు, దూలాలు చూసుకుని, గోడల మాటెత్తకుండా వచ్చేస్తాను.

కాకినాడలో జగన్నాథపురం వంతెన దాటాక మా అడితి. పాత ఇళ్ళు విప్పి ఆ సామాను అమ్మడం మా నాన్న పెట్టిన వ్యాపారం. ఇల్లు కూల్చడం అనే మాట మా ఇంట్లో ఎవరూ అనరు. విప్పడం అంటాం. ఇంకో నియమం ఉంది. సరుకు ఏ ఇంటిదో కొనేవాడికి చెప్పం. ఆ తలుపు వెనక ఎవరు ఏడ్చారో, ఆ దూలానికి ఏం వేలాడిందో తెలిస్తే ఎవడూ కొనడు. ‘నిన్ననే వచ్చిందండి, లంకల వైపు నుంచి’ అంటే చాలు.

నా భార్య తాయారుకి ఈ నియమం నచ్చేది కాదు. “ఇల్లు మారినంతలో తలుపు మర్చిపోద్దేంటండీ?” అనేది. తలుపు కొత్తగా వచ్చినప్పుడల్లా పసుపునీళ్ళతో కడిగి, మూడు పూటలు ఎండబెట్టేది. పాత ఇల్లు వదిలిపోవడానికట. వదలని తలుపు వాసనని బట్టి తెలిసిపోతుందనేది. నేను నవ్వేవాణ్ణి. అయినా కడగని తలుపు ఏనాడూ అమ్మలేదు.

మా ఒక్కగానొక్క కూతురు కౌముదికి పదమూడో ఏట జబ్బు చేసింది. ఒళ్ళు పాలిపోయింది, జుట్టు గుప్పెళ్ళతో ఊడొచ్చేది, మెట్లెక్కితే రొప్పేది. కాకినాడలో జబ్బు పేరు తెలియలేదు. విశాఖపట్నంలో పేరు తెలిసింది, మందు లేదన్నారు. చివరికి నా చెల్లెలు అరుంధతి చెప్పిందే అర్థమైంది, ఎందుకంటే అది నా భాషలో చెప్పింది.

అరుంధతి సామర్లకోట రోడ్డులో మూతబడిన బిస్కెట్ల ఫ్యాక్టరీ షెడ్డు ఒకటి తీసుకుని ప్రయోగశాల నడుపుతుంది. లోపల స్టీలు తొట్లలో ఈస్టు పెరుగుతుంటుంది. అడుగు పెడితే పులిసిన అట్లపిండి వాసన. ఆ రోజు తాయారు, నేను వెళ్ళేసరికి అది ఒక తొట్టి అడుగున కుళాయి తిప్పి చిక్కటి ద్రవం పడుతోంది.

“కణం రోజంతా కబుర్లు పంపుతుంటుంది అన్నయ్యా. ఇది చెయ్యి, అది ఆపు, జ్వరం తెప్పించు, జ్వరం దించు. ఒక్కో కబురూ ఒక గోడ అనుకో. దాన్నే ఆర్.ఎన్.ఏ. అంటారు. నాలుగు రకాల ఇటుకలతో కడుతుంది. పనైపోగానే గోడ విప్పేసి, ఆ ఇటుకలతోనే ఇంకో కబురు కడుతుంది.”

“మన అడితే” అంది తాయారు.

“అదే వదినా. ఇక్కడ ఈస్టు గోడలు విప్పి నేను తీసేది కూడా ఆ ఇటుకలే.”

“అయితే నువ్వూ నా వ్యాపారమే చేస్తున్నావన్నమాట” అన్నాను.

“నేను అమ్మను, జబ్బు పిల్లలకి ఊరికే ఇస్తాను.”

“అందుకే నువ్వు బాగుపడవు.”

అరుంధతి నవ్వలేదు. గాజుసీసా బల్ల మీద పెట్టి మా వైపు తిరిగింది. కౌముది కణాలకి నాలుగిటిలో ఒక రకం ఇటుక చేసుకోవడం రావట్లేదట. బయటి నుంచి నోటి ద్వారా ఇస్తే కణం దాకా చేరకుండానే కడుపూ లివరూ కలిసి విరగ్గొట్టేస్తున్నాయట. ఇంకొన్నాళ్ళు ఇలాగే సాగితే కబుర్లే ఆగిపోతాయని చెప్పింది.

“ఈ ఇటుక పక్కన చిన్న కొక్కెం ఉంటుంది. గోడ విడేది దాని వల్లే. నేను దానికి టోపీ పెట్టాను. ఇప్పుడు దీన్ని లివరు కూడా ఏమీ చెయ్యలేదు. పనికొస్తుందని ఎలకల్లో చూశాను. వేరే దారి లేని పిల్ల కాబట్టి కొత్త మందుల్ని చూసే కమిటీ వాళ్ళు దానికొక్కదానికే అనుమతిచ్చారు.”

తాయారు కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ అడిగింది: “కొక్కేనికి టోపీ పెడితే, కట్టిన గోడ మళ్ళీ విడుద్దా అరుంధతీ?”

“నాలుగు రకాల్లో ఒక్కదానికే కదా వదినా. మిగతా మూడిటి దగ్గరా విడిపోతుంది.”

తాయారు నా వైపు చూసింది. మా ఇద్దరికీ తెలిసిన సంగతే. గోడలో అక్కడక్కడా సిమెంటు పెట్టి, తక్కినదంతా సున్నంతో కట్టినా ఆ గోడ ఎలా విప్పుతామో విప్పేదాకా చెప్పలేం. కానీ ఆ రోజు విప్పడం గురించి ఆలోచించేంత తీరిక మాకు లేదు.

“ముందు గోడ నిలబడనీ” అన్నాను.

నిలబడింది. నెల తిరగకుండానే కౌముది చెంపలకి రంగొచ్చింది. నెత్తి మీద మెత్తగా జుట్టు మొలిచింది. ఓ రోజు అడితిలో పెంకుల దొంతర ఎక్కి నిలబడి, “నాన్నా, నన్ను ఎంతకిస్తావ్?” అని అరిచింది. “బేరం లేదు దిగవే, పెంకులు పగుల్తాయ్” అంది తాయారు కింద నుంచి. సంతోషానికి గుర్తు చెప్పమంటే నాకు ఆ అరుపులే గుర్తొస్తాయి.

ఆ వేసవిలోనే తాయారు పోయింది. వడగాడ్పులో లారీ నుంచి పెంకులు దింపిస్తూ, పెంకు ఒకటి చేతిలో ఉండగానే కూర్చుంది. మళ్ళీ లేవలేదు. గుండె అన్నారు. కూతురి జబ్బు మీద కన్నేసి ఉంచిన మేము పక్కనున్న మనిషిని చూసుకోలేదు. ఒక సరుకుని కాపాడుకుంటుంటే ఇంకొకటి చేజారిపోవడం వ్యాపారంలో కొత్త కాదు. ఇంట్లో కొత్త.

కౌముది ఏడవలేదు. దుఃఖం లోపలికి దిగిందేమో అనుకున్నాం. పన్నెండో రోజు కార్యం అయ్యాక చుట్టాలంతా వెళ్ళిపోయారు. మర్నాడు మధ్యాహ్నం అది మూడు కంచాలు పెట్టింది.

“మూడోది ఎవరికమ్మా?”

“అమ్మకి” అంది, అదేం ప్రశ్న అన్నట్టు.

తర్వాత గమనించాను. వంటింటి గుమ్మంలో ఎవరికో దారిచ్చినట్టు పక్కకి ఒదిగేది. నీళ్ళ తొట్టి దగ్గర ఉన్నట్టుండి నవ్వేది. ఓ ఉదయం నేను చెప్పులేసుకుంటుంటే వెనక నుంచి, “ఏవండీ, మజ్జిగ తాగి ఎల్లండి” అంది. కౌముది గొంతే. కానీ ఆ సాగదీత, ‘ఏవండీ’ తర్వాత ఆగే ఆ చిన్న ఆగుడు తాయారువి. నేను వెనక్కి తిరగలేదు. చెయ్యి చాపాను. చేతిలోకి గ్లాసు వచ్చింది. తాగాను.

అరుంధతి వచ్చి చూసి, కౌముదిని కూర్చోబెట్టి ఏవేవో అడిగింది.

“అమ్మ కనిపిస్తోందా?”

“కనిపించడం కాదత్తా. అయిపోవట్లేదు. నీకు నిన్న అయిపోయింది కదా, నాకు అవట్లేదు. ఎప్పుడో అమ్మ నా తల దువ్వింది. ఇప్పుడూ దువ్వుతోంది. నొప్పి కూడా పుడుతోంది.”

“కొత్తగా ఏమైనా మాట్లాడుతోందా?”

కౌముది కాసేపు చెవి ఒగ్గింది. “లేదు. అన్న మాటలే అంటోంది. కానీ అంటోంది.”

ఆ తర్వాత మా చెల్లెలు షెడ్డులోంచి బయటికి రావడం తగ్గించింది. నేనేమో పొద్దున్నే చెప్పుల దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చోవడం మొదలుపెట్టాను. కొన్ని రోజులు ఆ మాట వచ్చేది, కొన్ని రోజులు వచ్చేది కాదు. వచ్చిన రోజు బేరాలు చురుగ్గా చేసేవాణ్ణి. చచ్చిపోయిన మనిషి ఇంట్లో తిరుగుతోందంటే భయపడాలి కదా. నాకు భయం వెయ్యలేదు. అది రాని రోజే ఇల్లు భయంగా ఉండేది.

కానీ కౌముది ఒళ్ళు వేరే లెక్క చెప్పసాగింది. దోమ కుట్టిన దద్దురు తగ్గదు. ఫాల్గుణంలో వచ్చి పోయిన జ్వరం మళ్ళీ వచ్చింది, అదే వణుకుతో. అది తగ్గకుండానే చెమట పట్టింది. నిద్ర మత్తు, మెలకువ రెండూ ఒకేసారి కమ్మేవి. అన్నం ముందు కూర్చుని, “ఆకలేస్తోంది నాన్నా, కడుపు నిండిపోయింది కూడా” అనేది. వేలి కణుపులు బిగుసుకుని చెంచా పట్టడం కష్టమైంది.

శ్రావణం రాకముందే అరుంధతి నన్నూ కౌముదినీ షెడ్డుకి పిలిచింది. కళ్ళు లోతుకు పోయి ఉన్నాయి. తొట్లన్నీ నిండుగా ఉన్నా ఆ రోజు పులిసిన వాసన నాకు తెలియలేదు.

“పొరపాటు నాదే అన్నయ్యా. మిగతా మూడిటి దగ్గరా విడిపోతుందనుకున్నాను. కానీ కణంలో గోడలు విప్పే పనివాళ్ళు మొదలుపెట్టేది ఆ నాలుగో ఇటుక దగ్గరేట. అది విడకపోతే వాళ్ళు తక్కినవాటిని ముట్టుకోనే ముట్టుకోరు. కబుర్లన్నీ అలాగే నిలబడిపోయాయి. జ్వరం రమ్మన్నదీ ఉంది, పొమ్మన్నదీ ఉంది. కణాల్లో చోటు అయిపోతోంది.”

“చోటు అయిపోతే?”

అరుంధతి కౌముది వైపు చూసింది. కౌముదే అంది: “నాకు తెలుసులే అత్తా. మన అడితిలో సరుకు కదలకపోతే నాన్న ఏమంటాడు? కొత్తది దింపడానికి జాగా లేదంటాడు.”

అప్పటికే అరుంధతి విప్పే మందు ఒకటి తయారు చేసింది. టోపీ ఉన్న ఇటుకని వెతికి పట్టుకుని ఆ గోడని పడగొట్టే మందు. ఇకపై మామూలు ఇటుకల్నే లివరు కంట పడకుండా కొంచెం కొంచెంగా నెత్తురులోకి వదిలే చిన్న పెట్టె కూడా సిద్ధమైంది. చర్మం కింద పెడతారు. అంతకుముందే ఆ పెట్టె వచ్చి ఉంటే ఇదంతా ఉండేది కాదు. కానీ అడిగిన వేళకి దొరికే సరుకు లోకంలో ఎంతని?

“అయితే ఇచ్చెయ్” అన్నాను.

“విను ముందు. మనం దేన్నైనా తలుచుకున్నప్పుడల్లా కణాలు ఆ జ్ఞాపకాన్ని విప్పి మళ్ళీ కడతాయి. చేతికి అందిన ఇటుకలతోనే కడతాయి. పాత మందు మొదలెట్టినప్పటి నుంచి ఇది ఏదేది తలుచుకుందో అదంతా టోపీ ఇటుకలతో కట్టేసి ఉంది. ఆ నెలల్లోదే కాదు, చిన్నప్పటిదైనా సరే. ఈ మందు పడితే అంతా పోతుంది.”

“మాట, నడక?”

“అవి వేరేగా ఉంటాయి, పోవు. మనుషులు పోతారు. వదిన పోతుంది. నేను పోతాను.” నా వైపు తిరిగింది. “నువ్వూ పోతావన్నయ్యా.”

“నేను బతికే ఉన్నానుగా. మొదట్నుంచీ మళ్ళీ నన్ను నేను అమ్ముకుంటాను” అన్నాను.

కౌముది లేచి గోడకి ఆనుకుంది. “వద్దు.”

“అమ్మలూ—”

“ఊళ్ళో ఇళ్ళన్నీ విప్పావు. ఇప్పుడు అమ్మని కూడా విప్పేస్తావా నాన్నా?”

దాని మాటల్లో నా మాట కూడా ఉంది. మజ్జిగ గ్లాసు కోసం చెయ్యి చాపే మనిషిని, ఎలా కాదనను?

“నువ్వు పోతే అమ్మ ఎక్కడుంటుందే?” అన్నాను. “ఆ ఇల్లు నువ్వే కదా.”

అది అత్త వైపు తిరిగింది: “తలుచుకోనివాటికి ఏమీ కాదా?”

“కాదు. అవి పాత ఇటుకలతో కట్టినవి. వాటి జోలికి ఈ మందు పోదు.”

“అంటే అమ్మది, నేను పూర్తిగా మర్చిపోయిందేదైనా ఉంటే అది ఉండిపోద్ది.”

“ఉంటుంది. కానీ అదేంటో నీకు తెలీదుగా.”

“నాన్నకి తెలియొచ్చు.”

నా భుజం మీద తువ్వాలు లాగింది. మా అడితిలో పెద్ద బేరాలు నోటితో చెయ్యం. తువ్వాలు కింద చేతులు పెట్టి వేళ్ళు పట్టుకుని చెప్పుకుంటాం. పక్కనున్నవాడికి ధర తెలియకూడదు. చిన్నప్పటి నుంచి చూసిందే అది. తువ్వాలు మా ఇద్దరి చేతుల మీదా కప్పింది. బిగుసుకుపోయిన దాని వేళ్ళు నా వేళ్ళని వెతికాయి.

“అమ్మవి నీకు గుర్తుండి, నేను అనగా నువ్వెప్పుడూ వినని సంగతులు ఎన్ని? నోటితో చెప్పకు.”

తాయారు పోయాక అది చెప్పనిది లేదు. పొలమారినప్పుడు తట్టినదీ, బడికి ఆలస్యమైతే తిట్టినదీ, అన్నీ నా ముందు వల్లె వేసింది. నాకు తెలిసినవన్నీ వరసగా తీసి చూశాను. అన్నీ అది ఎత్తినవే. చివరికి ఒకటి మిగిలింది. నేను దాని ఒక వేలు పట్టుకున్నాను.

“ఒకటేనా?” అంది.

వేలు వదల్లేదు.

“సర్లే” అంది. “కుదిరింది. నేను వెతకను. నువ్వు చెప్పకు.”

ఆ ఒకటీ ఇది. దానికి నాలుగేళ్ళప్పుడు యానాంలో ఒక పాత ఇల్లు విప్పుతున్నాం. పెంకులు దించేశాం, దూలాలు కూడా దించేశాం, గోడలే ఉన్నాయి. ఉన్నట్టుండి వాన. నేను సరుకు మీద టార్పాలిన్ కప్పే తొందరలో ఉన్నాను. తాయారు ఊడదీసిన తలుపురెక్క ఒకటి గోడకి ఏటవాలుగా ఆనించి, పిల్లని లోపలికి నెట్టి, జల్లు కొట్టే వైపు తను కూర్చుంది. ఆకుపచ్చ రంగు తలుపు. వాన వెలిసేసరికి తాయారు ఎడమ పక్క అంతా తడిసి ముద్ద. పిల్ల మీద చుక్క పడలేదు.

కొత్త పెట్టె ఒంటికి పడుతుందో లేదో చూశాక గానీ విప్పే మందు ఇవ్వకూడదని అరుంధతి ఆపింది. ఆ కొద్ది వారాలు నేను కూతుర్ని కాపాడానో, కూతురి నుంచి ఒక వానని కాపాడానో చెప్పలేను.

ఎందుకంటే ఆ ఆకుపచ్చ తలుపు ఇంకా అడితిలోనే ఉంది. పొడుగు ఎక్కువని ఎవరూ కొనలేదు. తువ్వాలు కింద మా బేరం కుదిరిన మర్నాడే ఒక రిసార్టు ఆయన హైదరాబాదు నుంచి వచ్చాడు. తిరిగి తిరిగి దాని ముందు ఆగాడు. కౌముది అప్పుడే కాఫీ గ్లాసుతో వస్తోంది.

“ఇది ఎవరింటిదండీ?” అన్నాడాయన.

“నిన్ననే వచ్చిందండి. లంకల వైపు నుంచి.”

కౌముది ఆగి తలుపు వైపు చూసింది. నొసలు ముడిపడింది. “ఇది నిన్న రాలేదు కదా నాన్నా. ఇది—”

“ఎంతకి కావాలి మీకు?” అన్నాను ఆయనతో గట్టిగా.

ఆయన కొంటెగా చూసి, సిగ్గులేనంత తక్కువ చెప్పాడు. నేను దానికి పదింతలు చెప్పాలి. వెనక్కి తిరిగి నడవాలి. ఆయన పిలవాలి. అదీ పద్ధతి.

“తీసుకెళ్ళండి. ఇప్పుడే. మావాళ్ళు ఎక్కిస్తారు.”

ఆయన మొహంలో సంతోషం పోయి అనుమానం వచ్చింది. “ఏంటండీ, చెదలుందా?”

“లేదు.”

“మరి ఆ ఇంట్లో ఏవైనా…?”

“ఏదో ఉంటేనే ఇంత చౌకగా ఇస్తాననుకుంటున్నారా? ఎక్కించుకోండి బాబూ.”

ఆ తలుపు లారీ ఎక్కేదాకా నేను కౌముదికి అడ్డంగా నిలబడి, దాని బడి గురించీ, ఫీజు గురించీ, అక్కర్లేని ప్రశ్నలు వేస్తూనే ఉన్నాను. అది నా మొహం చూసి అర్థం చేసుకుంది. కళ్ళు మూసుకుంది. “నేను చూడట్లేదు” అంది. “వెతకట్లేదు. అమ్మ తోడు.” లారీ వంతెన ఎక్కేదాకా కళ్ళు తెరవలేదు. బేరం లేకుండా మా అడితి దాటిన సరుకు అదొక్కటే.

ఆ తర్వాత ఓ రోజు వాన పడింది. మేమిద్దరం అడితి షెడ్డు కింద నిలబడ్డాం. చినుకులు పెంకుల దొంతరల మీద టపటపలాడుతున్నాయి. అది చెయ్యి బయటికి చాపి, నెమ్మదిగా అంది: “నాన్నా, వానలో అమ్మ ఒకసారి…”

పక్కనున్న పెంకుల దొంతరని రెండు చేతులా నెట్టేశాను. మంచి మంగుళూరు పెంకులు. మనిషెత్తు దొంతర నేల మీద పడి పగిలిన చప్పుడుకి వీధిలో కుక్కలు మొరిగాయి. కౌముది ఉలిక్కిపడి నన్ను చూసింది. మూతి బిగించాను. అది ముక్కల వైపు చూసి, పక్కున నవ్వింది.

“అమ్మ ఉంటే చంపేసేది నిన్ను” అంది.

మందు ఇచ్చే ఉదయం అది మంచం మీద పడుకుని ఉంది. అరుంధతి సూది ఎత్తి, నా వైపు చూసింది. నేను తల ఊపాను. అప్పుడు కౌముది కళ్ళు మూసుకునే అంది: “ఏవండీ, మజ్జిగ తాగి ఎల్లండి.”

“తాగానే” అన్నాను. “ఇంక నువ్వు పో తాయారూ.”

తను మొదటిసారి చనిపోయినప్పుడు ఆ మాట చెప్పడానికి నాకు సమయం దొరకలేదు.

కౌముది రెండు రోజులు నిద్రలోనే ఉంది. ఒళ్ళు మెత్తబడింది, దద్దుర్లు అణిగాయి, వేళ్ళు విచ్చుకున్నాయి. కళ్ళు తెరిచి అరుంధతిని, నన్ను మార్చి మార్చి చూసింది. కొత్త ఊళ్ళో బస్సు దిగిన మనిషి చూసినట్టు మర్యాదగా చూసింది.

“మీ నాన్నే” అంది అరుంధతి.

“నమస్కారమండి” అంది కౌముది.

నన్ను నేను మళ్ళీ అమ్ముకోవడం నేననుకున్నంత కష్టం కాలేదు. ఆకలేస్తే అన్నం పెట్టేవాణ్ణి, జడ వెయ్యడానికి నానా పాట్లు పడేవాణ్ణి. కొన్నాళ్ళకి అండీలు పోయాయి, తర్వాత వెక్కిరింతలు వచ్చాయి. గోడ మీద తాయారు ఫోటో చూసి, “ఈవిడెవరు నాన్నా?” అంది. అమ్మ అని చెప్పాను. “ఓహో” అంది. “బాగుంది” అంది. ఫోటోలోని మనిషిని చూసి అంతకన్నా ఏమంటారు? ఇంట్లో కంచాలు రెండే. గుమ్మంలో ఎవరికీ దారివ్వట్లేదు. పొద్దున చెప్పుల దగ్గర నేను కాసేపు కూర్చుని, నా అంతట నేను లేచి వెళ్తున్నాను.

ఆ బేరం నాకే గుర్తుంది. తువ్వాలు కింద చేసిన బేరానికి సాక్షులుండరు. అవతలి చెయ్యి కూడా మర్చిపోయింది. యానాం సంగతి చెప్పేద్దామని నోటి దాకా వచ్చేది. అరుంధతి వారించింది. “చెప్తే అది నీ జ్ఞాపకం అవుద్ది అన్నయ్యా. దానిది కాదు. నువ్వు చెప్పింది విని, గుర్తొచ్చిందనుకుంటుంది.”

“అసలు ఉందో లేదో ఎలా తెలుస్తుంది మరి?”

“తెలియకపోవచ్చు” అంది. అది అబద్ధాలు చెప్పి ఓదార్చే రకం కాదు.

కార్తీకంలో ఓ రోజు ఆకాశం మబ్బుపట్టింది. అడితిలో సరుకు సర్దుతున్నాం. కౌముది దూరంగా ఇటుకల్ని ఒక్కోటీ కొట్టి వింటూ పేరుస్తోంది. అది నేను కొత్తగా నేర్పిన పనే. చూస్తుండగానే వాన విరుచుకుపడింది. నేను టార్పాలిన్ కోసం పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి అది షెడ్డులో లేదు.

ప్రహరీ గోడ దగ్గర, రామచంద్రపురం నుంచి వచ్చిన నల్లటి తలుపురెక్క ఒకటి గోడకి ఏటవాలుగా ఆనించి ఉంది. నేను ఆనించలేదు. దాని కింద కౌముది మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. లోపలి మూలకి ఒదిగి ఉంది. తన ఎడమ పక్కన, జల్లు కొట్టే వైపు, ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీగా వదిలింది.

నేను తడుస్తూ దగ్గరికి వెళ్ళాను. ఆ ఖాళీలోకి వంగబోయాను.

“అక్కడ కాదు నాన్నా” అంది. “అది ఆవిడ చోటు.”

“ఎవరిదమ్మా?”

అది ఖాళీ వైపు చూసింది. నొసలు ముడిపడి, విడింది.

“ఏమో. జల్లుకి అడ్డం కూర్చుంటుందే, ఆవిడది” అంది. చెయ్యి చాపి ఆ చోటులో నేల తడిమి, వెనక్కి తీసుకుంది. “తడిసిపోద్ది పాపం.”

నేను వానలోనే నిలబడ్డాను.